చలికాలం ఓరుగల్లు చుట్టూ కెమెరాతో: సంక్రాంతి దాకా ఎక్కడెక్కడ తిరగొచ్చు?

ఓరుగల్లు_కెమెరా | డిసెంబర్ 14, రాత్రి 9:20

అందరికీ నమస్తే. ఉద్యోగం పుణెలో, ఇల్లు హనుమకొండలో, అమ్మమ్మ ఊరు పరకాల దగ్గర. ఈసారి క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఇంటి నుంచే పని చేసుకోమన్నారు, మధ్యలో కొన్ని సెలవులు కూడా ఉన్నాయి. చేతిలో పాత క్రాప్ సెన్సర్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్సు, ఒక 50 ఎంఎం. ఫొటోగ్రఫీ నాకు సరదా మాత్రమే. దీంతో రూపాయి వచ్చేది లేదు, పోయేదే.

రెండు సంగతులు అడగాలి. రామప్ప, ఖిల్లా వరంగల్, లక్నవరం, పాకాల... చలికాలంలో ఇవి ఏ వేళకు బాగుంటాయి? నేను ఎప్పుడు వెళ్లినా పదకొండు దాటాకే చేరుకుంటా. ఇంటిల్లిపాదీ టిఫిన్ చేసి, డబ్బాలు సర్దుకొని, తాళం రెండుసార్లు లాగి చూస్తే గానీ మా కారు కదలదు.

రెండోది ఇంటి సంగతి. సంక్రాంతి ఫొటోలు అని నెట్‌లో వెతికితే కోడిపందేలు, కొబ్బరితోటలు, వాకిట్లో అరిటాకుల భోజనాలు వస్తాయి. అవి అందంగానే ఉంటాయి, కాదనను. కానీ మా ఇంట్లో పండుగ అట్లా ఉండదు కదా. సకినాలు, నోములు, వాకిట్లో పాలు పొంగియ్యడం, డాబా మీద పతంగులు, ఐనవోలు మల్లన్న. వీటన్నిటితో ఒక ఆల్బం చేసి అమ్మమ్మకు ప్రింట్ ఇవ్వాలని ఉంది. అమ్మ మాత్రం ఇప్పుడే చెప్పేసింది: "కెమెరా మెడలో వేసుకొని సకినాల కాడికి వస్తే పిండి చేతికిస్త, చూస్కో మరి."

కాజీపేట_లోకల్ | డిసెంబర్ 14, రాత్రి 9:41

పదకొండుకు చేరే బ్యాచ్‌తో రామప్ప పోకు తమ్మీ. బైక్ తియ్యి, నాలుగున్నరకు బయలుదేరు. స్వెటర్ మీద జర్కిన్, చేతులకు గ్లౌజులు. ములుగు రోడ్డు మీద మంచు పడితే ముందున్న లారీ వెనక లైట్లు కూడా కనబడవు, నిదానంగా పో.

రామప్ప_తొవ్వ | డిసెంబర్ 15, ఉదయం 6:05

నేను రిటైరైన డ్రాయింగ్ మాస్టర్ని. రామప్ప మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఓపికగా చదవండి.

మనం ఉన్నది సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబర్ చివర్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. నడిమధ్యాహ్నం కూడా నెత్తి మీదికి రాడు, 48 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. ఫొటో తీసేవాడికి చలికాలం ఇచ్చే అసలు కానుక ఇదే. మంచు దాని తర్వాతే.

రామప్పలో చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికల బొమ్మలు ఉంటాయి కదా, అవి నల్లటి డోలరైట్ రాయి. వేసవిలో ఎండ నిట్టనిలువునా పడుతుంది కాబట్టి చూరు నీడలోనే ఉండిపోతాయి, మొహాలు కనబడవు. ఇప్పుడైతే ఎండ పక్క నుంచి చూరు కిందికి దూరుతుంది. తూర్పు, దక్షిణ ద్వారాల వైపు బొమ్మల మీద పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నిలబడి చూడండి, నడుము వంపు, మెడలో హారం, కాలి అందె ఒక్కొక్కటే తేలి వస్తాయి. ఉత్తరం వైపు మాత్రం ఈ కాలమంతా నీడే. అక్కడ ఎండ కావాలంటే మే నెల మధ్య నుంచి జులై చివరి దాకా ఆగాలి.

ఇంకో చిక్కుంది. గుడి ఒళ్లు ఎర్ర ఇసుకరాయి, బొమ్మలేమో నల్లరాయి. కెమెరాను ఆటోలో వదిలేస్తే నల్లబొమ్మను చూసి వెలుతురు పెంచేస్తుంది, వెనక ఇసుకరాయి తెల్లగా పాలిపోతుంది. ఎర్రరాయి మీద కొలిచి, దాన్నే పట్టుకొని బొమ్మను తీయండి. కొంచెం చీకటిగా వచ్చినా తర్వాత లేపుకోవచ్చు. కాలిపోయిన రాయిని మాత్రం ఎవరూ తేలేరు.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. అప్పటి నుంచి జనం పెరిగారు. పది దాటితే ప్రతి మదనిక కింద ఒక సెల్ఫీ కర్ర ఉంటుంది. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి, అది లేకుండా గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదన పెట్టుకోవద్దు. ఆయన పని ఆయన చేస్తున్నాడు.

ఓరుగల్లు_కెమెరా | డిసెంబర్ 15, ఉదయం 8:30

సార్, ఇది ప్రింట్ తీసి పెట్టుకుంటున్నా. ఖిల్లాలో తూర్పు కీర్తి తోరణంలోంచి సూర్యోదయం తీద్దామని నాకు ఎప్పటి నుంచో ఉంది. అదీ చెప్పండి.

రామప్ప_తొవ్వ | డిసెంబర్ 15, ఉదయం 8:52

పైన చెప్పింది ఒకసారి గుర్తు చేసుకోండి. సూర్యుడు ఆగ్నేయానికి జరిగి ఉన్నాడు. తోరణానికి ఎదురుగా నిలబడితే దొరకడు. వాయవ్యం వైపు జరిగి, ఏటవాలుగా చూస్తే ఒక స్తంభం పక్కన పట్టుకోవచ్చు. నట్టనడుమ కావాలంటే మార్చి 21 దగ్గర గానీ సెప్టెంబర్ 23 దగ్గర గానీ రావాలి. జనవరిలో మనకు పొద్దు పొడిచేది ఆరూముప్పావుకు. లోపలి ప్రాంగణం గేటు ఎప్పుడు తెరుస్తారో ముందురోజే కనుక్కోండి. లేకపోతే బయటి మట్టికోట వైపు తిరగండి, అక్కడ మంచులో మేకల మందలు కనిపిస్తాయి. నా మటుకు నాకు తోరణం కంటే అదే ఇష్టం.

జమ్మికుంట_అక్క | డిసెంబర్ 15, మధ్యాహ్నం 2:15

గుళ్ల సంగతి సార్ చూసుకుంటారు, వంటింటి సంగతి నేను చెప్తా.

సకినాలు తీయాలంటే అవి చేసే క్రమం తెలియాలి తమ్ముడూ. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి మీదనే గిర్నిలో పట్టిస్తాం. ఆ తడి ఆరకముందే పని మొదలుపెట్టాలి. పిండి జల్లించి నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలిపాక ముందు పిండితోనే గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతాం. మొదటి ఫొటో అక్కడ తియ్యి, ఆ నిమిషం దాటితే మళ్లీ రాదు. తర్వాత తెల్లబట్ట పరిచి నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలి మధ్య పిండి మెలి తిరుగుతూ కిందికి దిగుతుంది, చెయ్యి గుండ్రంగా పోతుంటుంది. ఆ మెలి నీ ఫొటోలో కనబడాలి. మెలి లేకపోతే అది సకినం కాదు, ఉత్త చుట్ట.

అందరూ పైన నిలబడి తీస్తారు. పైనుంచి చూస్తే తెల్లబట్ట మీద తెల్లపిండి, ఏమీ తెలియదు. నేల మీద కూర్చో, కిటికీ నీకు ఎదురుగానో పక్కనో ఉండేలా చూసుకో. పక్క వెలుతురుకు నువ్వు గింజ నీడ కూడా పడుతుంది. ట్యూబ్‌లైట్ బంద్ చెయ్యమను, తిట్టినా సరే. బట్ట తడి పీల్చుకున్నాక పల్లెంతో లేపి నూనెలో వేస్తారు. మూకుడు దగ్గరికి మాత్రం లెన్సు తీసుకుపోకు, నూనె ఆవిరి అద్దం మీద పడితే తుడవడానికి నీ తాతలు దిగిరావాలి.

తీసినంత సేపు తీసి, కెమెరా పక్కన పెట్టి నువ్వూ నాలుగు చుట్టు. అప్పుడు మీ అమ్మ ఏమీ అనదు.

గోదావరి_గట్టు | డిసెంబర్ 15, సాయంత్రం 5:03

మాది భీమవరం దగ్గర. ఇక్కడ చదువుకొని, ఇక్కడే ఉద్యోగం చేస్తూ, హనుమకొండ అల్లుడినయ్యాను. మా వైపు అందరమూ మూడు రోజులూ పందెం బరి దగ్గరే ఉంటామనుకోకండి బాబూ, మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ కోడిని పట్టింది లేదు.

కానీ కెమెరా గారు చెప్పింది నిజం. తొలి పండుక్కి మా అత్తగారింటికి వచ్చినప్పుడు అరిసెల డబ్బా కోసం చూస్తుంటే ఇంత పెద్ద స్టీలు డబ్బాలో సకినాలు వచ్చాయి, పక్కన గిన్నెలో పచ్చి కారం. పచ్చిమిర్చి, కొత్తిమీర, ఎల్లిపాయ నూరి నూనె వేసి ఇచ్చారు. ఆ కారం కళ్లల్లో నీళ్లు తెప్పించింది గానీ చెయ్యి ఆగలేదు. మా అమ్మ ఇప్పుడు ఫోన్‌లో కొడుకు ఎలా ఉన్నాడో అడగదు, సకినాలు ఎప్పుడు పంపుతున్నారో అడుగుతుంది.

అల్లుడు కారం తింటున్న ఫొటో కూడా ఆల్బంలో పెట్టండి. అది రెండు ప్రాంతాలకూ చెందిన సంప్రదాయం.

మిర్చి_కల్లం | డిసెంబర్ 16, రాత్రి 10:48

నేను నర్సంపేట వైపు. కెమెరా లేదు, ఫోనే. అందరూ గుళ్లు, చెరువులు అంటున్నారు, మా మిర్చి గురించి ఎవరూ అనట్లేదేంటి? పండుగ దాటితే ఏ ఊరికి పోయినా కల్లాలు ఎర్రగా పరుచుకొని ఉంటాయి. మా చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొడవు కాదు, బొద్దుగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ.

సమస్య ఏంటంటే నా ఫోన్‌లో మిర్చి రాశి అంతా ఒకటే ఎర్ర ముద్దలా వస్తుంది, కాయలు విడివిడిగా కనబడవు. ఎందుకు?

కాజీపేట_లోకల్ | డిసెంబర్ 16, రాత్రి 11:10

ఎరుపు ఒక్కటే హద్దు దాటి కొట్టుకుపోతుంది. మొత్తం వెలుతురు కరెక్టుగానే ఉందని ఫోన్ అనుకుంటుంది, లోపల ఎరుపు మాత్రం నిండిపోయి వివరం పోతుంది. తెర మీద కాయను నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగు. ఫొటో కొంచెం మబ్బుగా అనిపించాలి. నడిమధ్యాహ్నం వద్దు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ వాలుగా ఉన్నప్పుడు తియ్యి, ఒక్కో కాయకు దాని నీడ వస్తుంది. నీ ఫోన్‌లో వివిడ్ మోడ్ ఉంటే అది తీసేయ్ ముందు.

ఓరుగల్లు_కెమెరా | డిసెంబర్ 18, ఉదయం 7:30

ఇంకో రెండు అడుగుతా, తిట్టొద్దు. నోముల దగ్గర ఫొటోలు తీయొచ్చా? మా చెల్లె పెళ్లయ్యాక మొదటి సంక్రాంతి, ఈసారి నోము పడుతోంది. రెండోది, పండుగ అయిపోయాక కేస్లాపూర్ నాగోబా జాతరకు పోవాలని ఉంది, ఈసారి పుష్య అమావాస్య జనవరి 18న వచ్చింది. అక్కడ కెమెరా తియ్యనిస్తారా?

జమ్మికుంట_అక్క | డిసెంబర్ 18, ఉదయం 11:20

నోముకు పదమూడు చొప్పున వస్తువులు పెట్టి, గౌరమ్మకు మొక్కి, ముత్తైదువలకు ఇస్తారు. చెల్లె ఇష్టపడితే చెల్లెను తియ్యి. వచ్చిన ఆడవాళ్లను మాత్రం ముందే అడుగు. మా వాడకట్టులో ఒకసారి ఎవరో పిల్లగాడు అందరి ఫొటోలు స్టేటస్‌లో పెట్టాడు. ఒకామె ఇంట్లో కట్టుకునే చీరలో, జుట్టు విరబోసుకొని పడింది. ఏడాది దాకా ఆ ఇంటికి పేరంటానికి పోలేదు. ఇప్పటికీ కోపం పోయిందో లేదో తెలియదు.

మొహాలెందుకసలు? పసుపు రాసిన చేతులు, ఇచ్చే గాజుల డబ్బాలు, పుచ్చుకునే కొంగు... అవి తియ్యి. ఒకప్పుడు కుంకుమ భరిణెలు, దువ్వెనలు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ బుట్టలు, టిఫిన్ డబ్బాలు ఇస్తున్నారు. ప్లాస్టిక్ బాగాలేదని ఫ్రేమ్‌లోంచి తీసేయకు. ఇరవై ఏళ్ల తర్వాత అదే చూసి నవ్వుకుంటారు.

ఇంద్రవెల్లి_వాసి | డిసెంబర్ 18, రాత్రి 8:02

నాగోబా జాతర గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. రండి, తప్పకుండా రండి. కానీ అది గోండుల్లో మెస్రం వంశం వాళ్ల పూజ అని మొదట గుర్తుంచుకోండి, మిగతా మనమంతా చుట్టాలమే. వాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెస్తారు, చెప్పులుండవు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద బస. అమావాస్య రాత్రి మహాపూజ. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి చూపించే బేటింగ్ ఉంటుంది, తెల్లచీరలు, ముసుగులు. చాలామంది ఫొటోగ్రాఫర్లు దాని కోసమే ఎగబడతారు.

అక్కడే నా మాట. ఆ కోడళ్ల మొహాల్లోకి లెన్సు పెట్టొద్దు. పెద్దమనిషిని అడగండి, ఎక్కడ నిలబడాలో ఆయనే చెప్తాడు. వద్దంటే వద్దు. ఫ్లాష్ అసలే వద్దు. జాతరలో దుకాణాలు, ఎడ్లబండ్లు, డోలు, పెప్రె వాయించేవాళ్లు, అధికారులు గోడు వినే దర్బార్ రోజు దరఖాస్తులు పట్టుకొని వరుసలో నిలబడ్డ రైతులు, ఇవన్నీ ఉన్నాయి కదా. ఆ దర్బార్ 1940ల్లో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఇక్కడ ఉన్నప్పుడు మొదలైంది. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారుకు గిరిజనుల గోడు వినక తప్పలేదు. ఆ దరఖాస్తుల వరుసను సరిగ్గా తీసినవాణ్ని నేనింకా చూడలేదు.

చలి గురించి కూడా ఒక మాట. మా జిల్లాలో, పక్కన సిర్పూర్ యూలో రాత్రి పూట వరంగల్‌తో పోలికే లేదు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. రెండోది లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచుకోండి.

గోదావరి_గట్టు | డిసెంబర్ 18, రాత్రి 8:30

దరఖాస్తుల వరుస అన్నారు చూడండి, అది బాగుంది. ఈసారి సెలవు దొరికితే నేనూ వస్తా.

ఓరుగల్లు_కెమెరా | డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:15

పాకాల పోయొచ్చా. పొద్దున కట్ట మీద నిలబడితే నీళ్లు ఎక్కడ అయిపోయి మంచు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఒక పడవ, అందులో వల సర్దుకుంటున్న మనిషి, అంతే. కెమెరా మంచును బూడిద రంగులో చూపిస్తుంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచా, అప్పుడు తెల్లబడింది. ఎనిమిదిన్నరకల్లా అంతా విడిపోయింది. గణపతిదేవుడి కాలం చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది, కట్ట కింద నాట్లకు దమ్ము చేస్తున్నారు. కట్ట మీద ఫొటోల కంటే ఆ బురదలో ట్రాక్టర్ వెనక కొంగలు దిగిన ఫొటోనే నాకు నచ్చింది.

రామప్పకు బైక్ మీద పోదామంటే బాపు ఒప్పుకోలేదు, "మంచులో వద్దురా, నేనొస్త" అని ఆయనే కారు తీశాడు. డబ్బాలు లేవు, టిఫిన్ లేదు, తొవ్వలో చాయ్ ఒక్కటే. సార్ చెప్పిన వేళకే చేరినం. దక్షిణ ద్వారం దగ్గర ఎండ పడుతుంటే బాపు ఒక బొమ్మ చూపించి "దీని చెప్పు చూడు, మడమ ఎంత ఎత్తుందో" అన్నాడు. నిజంగానే ఎత్తు మడమల చెప్పులు. నేను ఇన్నేళ్లలో చూడలేదు.

రామప్ప_తొవ్వ | డిసెంబర్ 28, సాయంత్రం 4:40

మీ నాన్నగారిని ప్రతిసారీ తీసుకెళ్లండి. ఫొటోలు చూశాను. మూడోది బాగుంది. ఐదోదాంట్లో నాగిని బొమ్మ తల మీద చూరు కోసేశారు, కొంచెం వెనక్కి నిలబడాల్సింది. ఆకాశం రంగు మరీ పెంచొద్దు, మన చలికాలం ఆకాశం పొద్దున పాలిపోయినట్టే ఉంటుంది, అట్లాగే ఉండనివ్వండి.

మిర్చి_కల్లం | డిసెంబర్ 28, సాయంత్రం 5:12

సార్ మార్కులు వేస్తున్నారు 😄

కాజీపేట_లోకల్ | జనవరి 12, రాత్రి 9:05

భోగి మంటకు రెడీయేనా? వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకు, మంట రంగు చంపేస్తుంది, ఎండ గుర్తు మీద పెట్టు. ఆరుంబావు ప్రాంతంలో ఆకాశం నీలంగా ఉన్నప్పుడు పది నిమిషాలు దొరుకుతాయి, అప్పుడే మంటా కనిపిస్తుంది, వెనక ఇళ్లూ కనిపిస్తాయి. నిప్పురవ్వలు గీతల్లా రావాలంటే షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు పెట్టు, మనుషులను కదలొద్దని చెప్పు. వినరు, అది వేరే విషయం.

ఐనవోలుకు పోతే కెమెరాకు ప్లాస్టిక్ కవర్ చుట్టు. బండారి చల్లుతారు, ఆ పసుపు జూమ్ రింగులోకి పోతే కర్రకర్రమంటుంది. ఒగ్గు పూజారులు పట్నం, అంటే దేవుడి ముందు రంగుల ముగ్గు, వేసేటప్పుడు దాని మీద నీ నీడ పడకుండా నిలబడు. పట్నం తొక్కేదాకా ఆగు, రంగులు కలిసిపోయాక ఇంకా బాగుంటుంది.

ఓరుగల్లు_కెమెరా | జనవరి 16, రాత్రి 10:20

కనుమ అయింది, ఇప్పుడే కూర్చున్నా. కొన్ని పెడుతున్నా చూడండి.

సకినాలు అక్క చెప్పినట్టే తీశా. ట్యూబ్‌లైట్ బంద్ చేస్తే పెద్దమ్మ "కరెంట్ పోయిందా" అని అడిగింది. పిండి గౌరమ్మ ఫొటో వచ్చింది. తర్వాత అమ్మ మాట ప్రకారం పిండి చేతికిచ్చింది.

సంక్రాంతి పొద్దున వాకిట్లో ముగ్గు మధ్య గొబ్బెమ్మలు, వాటి మీద రేగుపండ్లు, నవధాన్యాలు. పక్కన పిడకల మీద చిన్న మట్టి గురిగిలో పాలు. ఏ దిక్కుకు పొంగుతాయో అని అమ్మమ్మ వంగి చూస్తుంటే తీశా. పొగ అడ్డం వచ్చింది, సగం మొహం పోయింది. అయినా అదే పెడుతున్నా, మిగతావన్నీ ఆమె నన్ను చూసి కొంగు సర్దుకున్నాక తీసినవి. నోములో చేతులు మాత్రమే తీశా, ఒక్క ప్లాస్టిక్ బుట్ట కూడా తీసేయలేదు.

ఐనవోలు జనంలో పట్నం దగ్గరికి పోనివ్వలేదు. దూరం నుంచి డోళ్లు కొట్టేవాళ్లను తీసుకొని వచ్చా. ఎల్లుండి కేస్లాపూర్, బాపు కూడా వస్తానంటున్నాడు. నెలాఖరుకు మేడారం కూడా ఉంది, 28 నుంచి 31. అప్పటికి నేను పుణెలో ఉంటా.

ఇంద్రవెల్లి_వాసి | జనవరి 16, రాత్రి 10:44

అమావాస్య నాడు సాయంత్రానికే వచ్చేయండి, రాత్రయితే బండి దూరంగా ఆపి చాలా నడవాలి. నాన్నగారికి మంచి శాలువా తెండి. మా ఇంట్లో జొన్న రొట్టె తిని పోదురు గానీ.

రామప్ప_తొవ్వ | జనవరి 17, ఉదయం 6:10

పొగలో అమ్మమ్మ ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేయండి.

జమ్మికుంట_అక్క | జనవరి 17, ఉదయం 7:25

వద్దు సార్, రేగుపండ్ల రంగు పోతుంది. ఉన్నదున్నట్టే పెద్ద సైజు ప్రింట్ తియ్యి తమ్ముడూ, మెరిసే కాగితం కాకుండా మ్యాట్ మీద తియ్యి, లేకపోతే అమ్మమ్మకు కిటికీ వెలుతురులో ఏమీ కనబడదు.

సకినాల ఫొటోలో కుడి పక్క చివరిది చూశావా? చుట్టు ఊడిపోయింది, మెలే లేదు. ఎవరు చుట్టారది?

ఓరుగల్లు_కెమెరా | జనవరి 17, ఉదయం 7:40

మా బావ అక్కా. కొత్తల్లుడు కదా, ఎవరూ ఏమీ అనలేదు. ముందు ఆయనకే పెట్టారు.